పొద్దున్న మాత్రమే కనిపించే లీన్ కోడు: శ్రీకాకుళంలో నా కారు అనుభవం

చెక్ ఇంజిన్ లైటు వెలిగి, స్కానర్‌లో పి0171 (లీన్, అంటే ఇంజిన్‌లో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అని కోడు వచ్చి, షెడ్డుకో మాట విని విసిగిపోయినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఈ గోల డిసెంబరు మూడో వారంలో మొదలై ఫిబ్రవరి మొదట్లో తీరింది. అసలు రోగానికి అయిన ఖర్చు మూడు వేల చిల్లర. నా చేతి నుంచి పోయింది మాత్రం పదమూడు వేల నాలుగు వందలు. మధ్యలో ఉన్న పది వేలూ ఎలా పోయాయో వివరంగా చెబుతాను.

కారు 2018 మోడల్ పెట్రోలు బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కంపెనీ పేరు చెప్పను. ఇది ఏ కంపెనీ బండికైనా వచ్చే జబ్బే. మేం ఉండేది శ్రీకాకుళంలో, బలగ వైపు. నా ఉద్యోగం నరసన్నపేటలో, బ్యాంకులో. మావారు విశాఖలో పని చేస్తారు, శని ఆదివారాలకి వస్తారు. కాబట్టి బండి నడిపేదీ, షెడ్డుకి తీసుకెళ్ళేదీ నేనే.

డిసెంబరు 18, గురువారం. ఆ వారం చలి గట్టిగా ఉంది, తెల్లవారుజామున మంచు కమ్మేస్తోంది. పొద్దున్న ఏడుంపావుకి స్టార్ట్ చేస్తే ఇంజిన్ నిలకడగా లేదు. ఆర్పీఎం మీటరులో ముల్లు ఆరు వందలకీ వెయ్యికీ మధ్య పడుతూ లేస్తూ ఉంది. అంతకు ముందు రెండు మూడు రోజుల నుంచే కొంచెం తేడాగా ఉంది గానీ చలికాలం కదా అని పట్టించుకోలేదు. ఆ రోజు గేరు వేసి క్లచ్ వదిలితే ఒక జర్కు, యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. డే అండ్ నైట్ జంక్షన్‌లో సరిగ్గా మలుపు మధ్యలో ఆగిపోయింది. వెనక ఆటోల హారన్లు, పక్క నుంచి దూరిపోతున్న బైకులు, నా చేతులకి చెమట. మళ్ళీ తాళం తిప్పితే స్టార్ట్ అయింది. హైవే ఎక్కాక చూస్తే బండికి ఏ జబ్బూ లేదు. ఎనభైలో హాయిగా వెళ్తోంది. మడపాం టోల్ గేటు దగ్గర మాత్రం మీటరులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది.

ఆ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికో షెడ్డుకో చేరుకోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం బండి పక్కకి తీసి ఆపేయాలి. సిలిండర్‌లో పెట్రోలు కాలకుండా బయటికి పోతోందని దానర్థం. ఆ పెట్రోలు వెళ్ళి సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అది మార్చాలంటే ఖర్చు పదివేలల్లో ఉంటుంది. ఈ ముక్క నాకు ఆ రోజు తెలియదు. నాది నిలకడగానే వెలిగింది కాబట్టి బతికిపోయాను.

శనివారం, డిసెంబరు 20న మాకు ఎప్పుడూ సర్వీసింగ్ చేసే షెడ్డుకి తీసుకెళ్ళాను. స్కానర్ పెట్టాడు, పి0171. ‘లీన్ కొడుతోంది మేడం. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ’ అన్నాడు. ఒక ప్లగ్గు విప్పి చూపించాడు. కొన దగ్గర పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాల్సింది, సున్నం వేసినంత తెల్లగా ఉంది. అది కూడా లీన్‌కి గుర్తేనట. ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ తొమ్మిది వందలు, నాలుగు ప్లగ్గులు ఏడు వందల అరవై, ఎయిర్ ఫిల్టర్ మూడు వందల యాభై, స్కానింగ్ మూడు వందలు. కోడు చెరిపేసి బండి ఇచ్చాడు. ఇస్తూ, ‘మీరు క్లచ్ మీద కాలు తియ్యట్లేదనుకుంటాను మేడం, అందుకే ఆగిపోతోంది’ అన్నాడు. పన్నెండేళ్ళుగా నడుపుతున్నాను. బండి ఆగిపోతే ఆడవాళ్ళ కాలిదే తప్పు అనుకోవడం మా ఊళ్ళో అలవాటేమో, తర్వాత ఇంకో చోట కూడా ఇదే మాట వినాల్సి వచ్చింది.

లైటు ఆరిపోయింది. క్రిస్మస్ వారంలో నాకు సెలవులు, బండి తీసినా పదకొండు గంటల తర్వాతే. ఒక్క జర్కు లేదు. డబ్బులు దండగ కాలేదనుకున్నాను.

జనవరి 5, సోమవారం పొద్దున్న మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగిపోలేదు గానీ ఊగడం మునుపటికంటే ఎక్కువైంది. రెండో రోజుకి లైటు వచ్చేసింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నాకు నెల తర్వాత తెలిసింది గానీ ముందే తెలిసి ఉంటే చాలా మిగిలేది. స్కానర్‌తో కోడు చెరిపేసినప్పుడు, ఇంజిన్ కంప్యూటర్ అప్పటిదాకా నేర్చుకున్న సవరణ లెక్కలు కూడా చాలా బండ్లలో చెరిగిపోతాయి. అది మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుని, హద్దు దాటిందని తేల్చుకుని, వరసగా రెండు ప్రయాణాల్లో అదే తప్పు కనిపిస్తేనే లైటు వేస్తుంది. అందుకే ఏమి మార్చినా, ఏమీ మార్చకపోయినా, చెరిపిన తర్వాత కొన్నాళ్ళు లైటు రాదు. షెడ్డువాడు బాగైందనుకుంటాడు, మనమూ అదే అనుకుంటాం.

రెండోసారి పెద్ద వర్క్‌షాపుకి వెళ్ళాను. ఏసీ గది, టీ, సోఫా అన్నీ ఉన్నాయి. తోడుగా మా తమ్ముడు వచ్చాడు. వాడికి కారు నడపడం రాదు. అయినా సర్వీస్ అడ్వైజర్ మొత్తం వాడి ముఖం చూస్తూనే చెప్పాడు, వాడు నా వైపు చూస్తూ తల ఊపాడు. ‘ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, అందుకే లీన్ అని చూపిస్తోంది’ అన్నారు. కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే సెన్సర్ అది. పార్టు విశాఖ నుంచి రావాలి. మంగళవారం ఇచ్చిన బండి శుక్రవారం సాయంత్రం చేతికి వచ్చింది. సెన్సర్ ఆరు వేల నాలుగు వందలు, కూలీ ఆరు వందలు. పాత సెన్సర్ ఇమ్మని అడిగి తెచ్చుకున్నాను. మీరు కూడా ఏ పార్టు మార్చినా పాతది అడిగి తీసుకోండి, ఇవ్వనంటే ఎందుకివ్వరో అడగండి.

బండి లేని ఆ రోజుల్లో కాంప్లెక్స్ నుంచి పల్లెవెలుగు ఎక్కి నరసన్నపేట వెళ్ళాను. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చాక పొద్దున్న బస్సుల్లో నిలబడడానికి కూడా చోటు దొరకడం కష్టంగా ఉంది గానీ, ఛార్జీల ఖర్చు లేకపోవడం ఆ నెలలో నిజంగా కలిసొచ్చింది.

తర్వాత సంక్రాంతి. పండగ నాలుగు రోజులూ బండి తిరిగింది. పిల్లలతో ఆమదాలవలస, అక్కడి నుంచి మా అత్తగారి ఊరు. అన్నీ ఎండెక్కాక బయల్దేరినవే. ఏమీ కాలేదు. జనవరి 19, సోమవారం డ్యూటీకి బయల్దేరిన మొదటి పొద్దునే ఊగడం మొదలుపెట్టింది, మర్నాడు లైటు వచ్చింది.

మళ్ళీ అదే వర్క్‌షాపు. ‘సెన్సర్ కొత్తదే కాబట్టి ఇక ఫ్యూయల్ పంపు అయ్యుంటుంది, తొమ్మిది వేల రెండు వందలు అవుతుంది’ అన్నారు. పంపు ప్రెషర్ కొలిచి చెప్పండి అని అడిగాను. గేజ్ ప్రస్తుతం లేదట. ‘మార్చి చూద్దాం మేడం, పోతే పోయింది’ అన్నారు. పోయేది ఎవరి డబ్బో చెప్పలేదు. బండి తీసుకుని వచ్చేశాను.

ఆ వారం బాగా టెన్షన్ పడ్డాను. రాత్రి పడుకునేటప్పుడే పొద్దున్న జంక్షన్‌లో ఆగుతుందేమో అన్న ఆలోచన. పావుగంట ముందు బయల్దేరడం, మలుపుల్లో క్లచ్ సగం నొక్కి రేస్ ఇచ్చి ఉంచడం. మావారు ఫోనులో ‘అమ్మేద్దాం, తలనొప్పి వదిలిపోతుంది’ అన్నారు. లైటు వెలుగుతున్న బండిని ఎవరు కొంటారు, కొన్నా ఎంతకి కొంటారు? బ్యాంకులో తలా ఒక మాట. ఒకాయన పెట్రోల్లో నీళ్ళు కలిశాయన్నారు, బంకు మార్చాను, తేడా లేదు. ఇంకొకావిడ అంతా ఈ20 పెట్రోలు (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) మహిమే అన్నారు. ఈ20 మాట పూర్తిగా తప్పు కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇదే సమయంలో పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. లైటు వెలుగుతుంటే పాస్ కాదేమోనన్న భయంతోనే సాయంత్రం బ్యాంకు నుంచి వస్తూ ఆగాను. నిక్షేపంగా పాస్ అయింది. బీఎస్4 కాలుష్య ప్రమాణం ఉన్న పెట్రోలు బండికి ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, పొగ చూడడంతో పాటు, రేస్ ఇచ్చి 2500 ఆర్పీఎం దగ్గర పట్టి లాంబ్డా అనే అంకె కూడా చూడాలి. గాలి, పెట్రోలు సరైన పాళ్ళలో ఉంటే అది 1 ఉంటుంది, అటూ ఇటూ 0.03 వరకు ఒప్పుకుంటారు. నాది 1.01. ఆ కుర్రాడు కాగితం ఇస్తూ ‘బండి సూపర్ ఉంది మేడం’ అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ ఆ కాగితమే నన్ను ఆలోచింపజేసింది. ఇంజిన్ వేడిగా ఉండి, రేస్‌లో ఉంటే అంతా సరిగ్గానే ఉందన్నమాట. మరి పొద్దున్న?

బ్లూటూత్‌తో ఫోనుకి కలిసే స్కానర్ ముక్క ఒకటి ఆన్‌లైన్‌లో ఎనిమిది వందల యాభై పెట్టి తెప్పించాను. మూడు రోజుల్లో వచ్చింది. స్టీరింగ్ కింద ఒక సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చడమే. ఫోనులో యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్ ఆలోచిస్తున్నదంతా అంకెల్లో కనిపిస్తుంది. అందులో మనకి కావాల్సినవి రెండే: షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే కంప్యూటర్ ఎంత శాతం ఎక్కువ పోస్తోందో లేదా తగ్గిస్తోందో ఇవి చెబుతాయి. ఒకటి అప్పటికప్పుడు చేసే సవరణ, రెండోది అలవాటైపోయిన సవరణ. రెండూ కలిపి చూడాలి. అయిదు, ఏడు, మహా అయితే పది వరకు మామూలే. పాతిక దాటితే ఇక నా వల్ల కాదని లైటు వేసేస్తుంది, బండిని బట్టి ఆ హద్దు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది.

జనవరి 25, ఆదివారం. రథసప్తమి. అరసవల్లి దారులన్నీ జనంతో నిండిపోయి ఉంటాయి కాబట్టి బండి తీసే ప్రశ్నే లేదు. పొద్దున్న ఆరున్నరకి వీధిలోనే స్టార్ట్ చేసి, పక్క సీట్లో ఫోను పెట్టుకుని కూర్చున్నాను. రెండు మూడు నిమిషాల్లో అంకెలు రావడం మొదలైంది. ఐడ్లింగ్‌లో రెండూ కలిపి ప్లస్ 31. యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి 2500 దగ్గర పట్టాను. చూస్తుండగానే 20, 14, 9. వదిలేస్తే మళ్ళీ పైకి. పావుగంట తర్వాత, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఐడ్లింగ్‌లో కూడా 12 దగ్గరికి దిగింది. ప్రతి దశలోనూ స్క్రీన్‌షాట్ తీశాను. రథసప్తమి నాడు వీధిలో కారు ఆన్‌లో పెట్టి కదలకుండా కూర్చున్నానని ఎదురింటి మామ్మగారు వచ్చి ‘ఏటమ్మా, ఏటైనా అయిందా’ అని అడిగి వెళ్ళారు.

రిపబ్లిక్ డే మర్నాడు, 27న, పాలకొండ రోడ్డులో ఒక చిన్న షెడ్డుకి వెళ్ళాను. పెయింటూ డెంటింగూ ఉండదు, వైరింగు, సెన్సర్ల పనే చేస్తాడు. ఆ షెడ్డు గురించి మా బ్యాంకు అటెండరు చెప్పాడు. మెకానిక్ ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు. మొదటి మాటగా ‘బండి ఎప్పుడు మొరాయిస్తాది మేడం, పొద్దుటా, మాపటా?’ అని అడిగాడు. అప్పటిదాకా తిరిగిన షెడ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఫోనులో స్క్రీన్‌షాట్లు చూపించాను. రెండు నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

‘పంపు కాదు మేడం’ అన్నాడు. ఎలా చెప్పగలవు అన్నాను. పంపు నీరసించినా, ఫిల్టర్ మూసుకుపోయినా, పెట్రోలు ఎక్కువ అవసరమైనప్పుడే కొరత తెలుస్తుందట. అంటే హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు, రేస్ ఇచ్చినప్పుడు ఈ అంకె పెరగాలి. నాది సరిగ్గా తిరగేసి ఉంది. ఐడ్లింగ్‌లో ఎక్కువ, రేస్‌లో తక్కువ. అది గాలి దొంగతనంగా దూరుతున్న లక్షణం.

ఎందుకో కూడా చెప్పాడు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. పిస్టన్లు మాత్రం గాలి కోసం లాగుతూనే ఉంటాయి. కాబట్టి లోపల మ్యానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లో, వాక్యూమ్ గట్టిగా ఉంటుంది. చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్ళు లాగినట్టు, ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గాలి వచ్చేస్తుంది. ఇంజిన్ తీసుకునే మొత్తం గాలే తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దగా కనిపిస్తుంది. రేస్ ఇస్తే థ్రాటిల్ తెరుచుకుని అసలు దారినే బోలెడు గాలి వస్తుంది, లోపల వాక్యూమ్ తగ్గుతుంది, సందులోంచి వచ్చేది లెక్కలోకి రానంత తక్కువైపోతుంది.

నా బండిలో గాలిని కొలిచే సెన్సర్ ఫిల్టర్ డబ్బా దాటగానే ఉంది. దాని తర్వాత ఎక్కడ దూరిన గాలైనా కొలతకి అందదు. కంప్యూటర్ తక్కువ గాలికి సరిపడా పెట్రోలు పోస్తుంది, చివర్లో ఆక్సిజన్ సెన్సర్ మాత్రం ఆక్సిజన్ మిగిలిపోయిందని మొత్తుకుంటుంది. ఆ సెన్సర్ నిజం చెప్పినందుకే దాన్ని పీకేశారు. కొన్ని బండ్లలో గాలిని నేరుగా కొలవరు, మ్యానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూసి లెక్క కడతారు. వాటిలో ఇలాంటి సందు పడితే లీన్ కంటే ముందు ఐడ్లింగ్ ఎక్కువైపోతుందని చెప్పాడు. కాబట్టి నా బండి లక్షణాలు చూసి మీ బండికి అదే అనుకోకండి, ముందు మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

‘ఇప్పుడే వెతికేద్దామా’ అన్నాను. ‘ఇప్పుడు వెతికినా దొరకదు మేడం. మీరు ఇక్కడికి వచ్చేసరికి వేడెక్కిపోనాది. ఒక రాత్రి ఇక్కడే వదిలేయండి’ అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు. నేను ఏ షెడ్డుకి వెళ్ళినా బండి నడుపుకునే కదా వెళ్ళేది. వెళ్ళేసరికి రోగం దాక్కుంటోంది. పెద్ద వర్క్‌షాపులో రాత్రుళ్ళు ఉంది గానీ, వాళ్ళు పార్టు కోసం ఆపారు తప్ప పొద్దున్నే స్టార్ట్ చేసి చూసినవాళ్ళు లేరు.

బుధవారం సాయంత్రం వదిలి ఆటోలో ఇంటికి వచ్చాను. గురువారం పొద్దున్న ఆరింటికి నేను కూడా వెళ్ళాను, చూడాలనిపించింది. షెడ్డు ముందు చీకటి పూర్తిగా విడలేదు. అతను స్కానర్ పెట్టి, స్టార్ట్ చేసి, అంకె ముప్ఫై దాటనిచ్చాడు. తర్వాత ఒక కటింగ్ ప్లయర్ మూతికి గుడ్డ చుట్టి, మ్యానిఫోల్డ్‌లోకి వెళ్ళే రబ్బరు గొట్టాలని ఒక్కొక్కటీ నొక్కి పట్టుకున్నాడు. బ్రేక్ బూస్టర్ గొట్టం నొక్కాడు, అంకె కదల్లేదు. ఇంజిన్ ఆవిరి వెనక్కి పోయే పీసీవీ గొట్టం, అదీ కదల్లేదు. పెట్రోలు ట్యాంకు ఆవిరి లాగే పర్జ్ వాల్వు గొట్టం ఊడదీసి వేలితో మూశాడు, ‘అక్కడేటీ నేదు’ అన్నాడు. సెన్సర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య ఉండే మడతల రబ్బరు పైపుని చేత్తో వంచి, ప్రతి మడతలోనూ టార్చి వేసి చూశాడు. సైలెన్సర్ వైపు, ఆక్సిజన్ సెన్సర్ కంటే ముందు ఎక్కడైనా లీకుందా అని చూశాడు. అక్కడ సందున్నా బయటి గాలి లోపలికి పోయి లేని లీన్‌ని ఉన్నట్టు చూపిస్తుందట.

చివరికి గూట్లో దేవుడి పటం దగ్గర నుంచి ఒక అగరబత్తి తీశాడు. ముందు వంగి పెట్రోలు వాసన ఏమైనా వస్తోందేమో చూసుకున్నాడు, రేడియేటర్ ఫ్యాన్ కనెక్టర్ ఊడదీశాడు, నిప్పు ఆర్పే సిలిండర్ కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. అగరబత్తి వెలిగించి మ్యానిఫోల్డ్ ఇంజిన్ హెడ్‌కి బిగిసే అంచు వెంబడి మెల్లగా జరిపాడు. మొదటి సిలిండర్ దగ్గర పొగ తిన్నగా పైకి లేచింది. రెండు, మూడు దగ్గరా అంతే. నాలుగో దాని కింది అంచుకి వచ్చేసరికి పొగ పక్కకి వంగి, దారంలా సన్నబడి, ఆ సందులోకి వెళ్ళిపోయింది. ‘దొరికిందండీ’ అన్నాడు. నన్ను కూడా వంగి చూడమన్నాడు. చూశాను. ఇది మాత్రం ఇంట్లో ప్రయత్నించకండి. చాలామంది కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజిన్ సౌండు మారుతుందేమో చూస్తారు, అది అంటుకునే సరుకు. దాన్నీ అగరబత్తినీ ఒకే పూట ఒకే బండి దగ్గర వాడనని అతనే చెప్పాడు. విశాఖలో పెద్ద షెడ్లలో ఇదే పనికి పొగ మిషన్ ఉంటుంది, ఇంజిన్ ఆపి లోపలికి పొగ కొడతారు, సందులోంచి బయటికి వస్తుంది. అది ఇంకా మంచి పద్ధతి అన్నాడు.

ప్లాస్టిక్ మ్యానిఫోల్డ్‌కీ అల్యూమినియం హెడ్‌కీ మధ్య రబ్బరు ప్యాకింగ్ ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి అది గట్టిపడి చదునైపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ముడుచుకుని సందు ఇస్తుంది, వేడెక్కితే వ్యాకోచించి మూసుకుంటుంది. చలికాలంలో పొద్దున్న పూటే ఎందుకు, సెలవుల్లో ఎందుకు రాలేదు, పొల్యూషన్ టెస్ట్ ఎలా పాసయింది, అన్నిటికీ ఒకటే జవాబు. మే నెలలో అయితే ఇంకో ఏడాది ఎవరికీ తెలిసేది కాదేమో.

ప్యాకింగ్ శ్రీకాకుళంలో దొరకలేదు. విశాఖ నుంచి బస్సు పార్శిల్‌లో శనివారం వచ్చింది, ఏడు వందల నలభై. సోమవారం, ఫిబ్రవరి 2న వేశాడు. మ్యానిఫోల్డ్ మొత్తం విప్పాలి కాబట్టి పొద్దున్న మొదలుపెట్టి మధ్యాహ్నం మూడయింది. పాత ప్యాకింగ్ చేతికిచ్చాడు. మూడు రింగులు వేలితో నొక్కితే కొంచెమైనా లొంగాయి, నాలుగోది గోరు దిగనంత గట్టిగా ఉంది, ఒక పక్క వెంట్రుకవాసి పగులు. కూలీ పద్దెనిమిది వందలు, వెతికినందుకు ఏడు వందలు. వెతకడానికి వేరే డబ్బులా అని నా ముందు ఒకాయన అతనితో గొడవ పడుతున్నాడు. నేనైతే ఆ ఏడు వందలూ మారు మాట్లాడకుండా ఇచ్చాను.

పాత ఆక్సిజన్ సెన్సర్ డిక్కీలోనే ఉంది కదా, అదీ చూడమన్నాను. కనెక్ట్ చేసి, ఇంజిన్ వేడెక్కాక చూపించాడు. ఓల్టేజి 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతోంది. ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ అలాగే ఊగాలట. అంటే ఏడు వేలు పెట్టి మంచిదాన్ని తీసి మంచిదాన్ని పెట్టించుకున్నాం. వర్క్‌షాపుకి ఫోన్ చేసి చెప్పాను. ‘ఎలక్ట్రికల్ పార్టులకి రిటర్న్ ఉండదు మేడం’ అన్నారు. పాతది కవరులో చుట్టి దాచాను, ఎప్పుడైనా పనికొస్తుంది.

కోడు చెరిపేశాక మొదటి రెండు రోజులు మైలేజీ కొంచెం తక్కువ అనిపించింది, అంకెలు కుదురుకోవడానికి టైమ్ పడుతుందని ముందే చెప్పాడు. తర్వాత వారం రోజులు పొద్దున్నే ఫోను పెట్టి చూశాను. చల్లటి ఇంజిన్‌లో ఐడ్లింగ్ దగ్గర 7, రేస్‌లో 5, సాయంత్రం వేడి మీద 6. జంక్షన్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. ఫిబ్రవరి చలిలో కూడా రాలేదు కాబట్టి నమ్మకం కుదిరింది.

ఆ మిగిలిన అయిదారు శాతం ఎందుకు సున్నాకి రాలేదని అడిగాను. ఇక్కడే ఈ20 మాట. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది, కాబట్టి అంతే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. అసలు పెట్రోలుకి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ళ గాలి లెక్క. పది శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 14.1, ఇరవై కలిస్తే సుమారు 13.5. నా బండి పది శాతం లెక్కకి తయారైంది. ఇరవై శాతంది పోస్తే కంప్యూటర్ నాలుగైదు శాతం అదనంగా పోసుకోవాల్సిందే. అంటే బ్యాంకులో ఆవిడ చెప్పింది అయిదు శాతం వరకు నిజం, ముప్ఫై ఒకటికి కాదు. అయితే పాత ప్యాకింగ్ వల్ల ఇరవై అయిదు పెరిగిన చోట ఈ అయిదూ కలిసి హద్దు దాటించి ఉంటుంది. ‘అది మీ బండితో ఉంటాది మేడం, దాన్ని వెతక్కండి’ అని స్కానర్ తీసి జేబులో పెట్టుకున్నాడు.